లోపలి నుంచి వేసే రంగు

"ఆ డబ్బా పేలితే?"

మా అమ్మాయి ఇంకా స్ప్రే డబ్బా మూతైనా తీయలేదు, నేను అడిగేశాను. జవాబు లేదు. ఎలా వస్తుంది? ముక్కూ నోరూ కప్పేసే పెద్ద మాస్కు పెట్టుకుంది కదా!

అమ్మలారా, రాసిపెట్టుకోండి. రిమోట్ కారుకు రంగు వేసే మనిషి ప్రతి ఇంట్లోనూ ఉండితీరాలి. ఇంతకు మించిన వరం లేదు!

మాది ఇరవై నాలుగేళ్ల పిల్ల, కళ్లద్దాల షాపులో ఉద్యోగం. ఆదివారం రిమోట్ కార్ల రేసుంది. దానికోసం కారు మీద బిగించే, అవతలిది కనిపించే ప్లాస్టిక్ తొడుగొకటి తెచ్చుకుని, నాలుగు రోజులుగా బాల్కనీలో రంగు కొడుతోంది.

లాభాలు చెప్పమంటారా? కిటికీలన్నీ బార్లా తెరిచే ఉంటున్నాయి. పక్కింటావిడ వాసనకు జడిసి మా గడప తొక్కడం లేదు. కూర మాడిందని మా ఆయన పసిగట్టలేకపోతున్నారు!

అన్నిటికంటే గొప్పది ఆ మాస్కు. "ఊపిరితిత్తులకు రంగు అంటితే ఎక్స్‌రేలో ఎర్రగా కనిపిస్తాయా?" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. "కింద ఆరేసిన ఎవరి తెల్లచొక్కా మీదో పడితే పోలీసులొస్తారేమోనే?" అదీ అంతే. ఇంత ఓపికగా వినేవాళ్లు ఏ సభలో దొరుకుతారు?

ఇంకో వింత. ఈ రంగు పైన వేయరట, లోపలి వైపు వేస్తారట. పైకి కనిపించాల్సిన నల్లగీతలు ముందు, అడుగున ఉండే తెలుపు చివర. అంతా తిరగేసి! పదో తరగతితో ఆగిపోయిన నాకు ఇది ఇట్టే అర్థమైంది. నేనూ అంతేగా! పిల్ల చెప్పులు వేసుకోకముందే నాకు ఆసుపత్రి మంచం కనిపిస్తుంది.

ఆ గుణమే కొంప ముంచింది. పోయిన వారం రేసు నడిపే మాస్టారుకు ఫోన్ చేశాను. "మా అమ్మాయి కారు బోల్తా పడితే కట్టు కట్టేవాళ్లున్నారా బాబూ?" అని అడిగాను.

"ఆ కారు చెప్పుల పెట్టెంత ఉంటుందండీ. మీ అమ్మాయి అందులో పట్టదు" అన్నాడాయన. పాపం, మంచివాడే. ఫోన్ మాత్రం స్పీకర్లో పెట్టాడు! చుట్టూ ఉన్న వాళ్లంతా పడీ పడీ నవ్వారట. అక్కడున్నవాళ్లలో నవ్వనిది ఒక్కతే. మా అమ్మాయి.

నిన్నటికి రంగు ఆరింది. డబ్బాలన్నీ సర్దేసింది. మాస్కు మాత్రం తీయలేదు. అప్పటిగ్గానీ తెలియలేదు నాకు, అది ఎవరి కోసం పెట్టుకుందో.

పైన వరమని రాశానే, కొట్టేయండి.

తొడుగు వంక చూశాను. పైనంతా పొగ పట్టినట్టు మసక, మధ్యమధ్య ఎర్రచుక్కలు. 'పాడైపోయిందే!' అనబోయి నాలుక కరుచుకున్నాను.

"ఆయనకు ఫోన్ చేయడం నా తప్పేనే" అన్నాను.

ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు ఊరుకోవడం అదే మొదలు. కింద వీధిలో ఎవరో స్కూటర్‌ను పదకొండుసార్లు తన్నారు. అది స్టార్టయి వెళ్లిపోయింది కూడా.

మాస్కు గడ్డం కిందికి దిగింది. అమ్మాయి తొడుగును నా ఒళ్లో పెట్టి, అంచును గోటితో లేపింది. పైకి రంగు అంటకుండా ముందే అతికించి ఇచ్చిన పల్చటి కవరట అది. మసకంతా దానిమీదే ఉంది! టీవీ రిమోట్‌కూ ఫ్రిజ్ తలుపుకూ వచ్చిన కవర్లను ఏళ్ల తరబడి ఎవరినీ ముట్టుకోనివ్వనిదాన్ని నేను.

"డబ్బా పేలదమ్మా" అంది. "ఈ కవర్ నువ్వే తీయి."