తొమ్మిది కోటల వారసురాళ్ళు

పదింటికల్లా ఫైలు పంపేసి, పదకొండింటికి అత్తగారిని కళ్ళద్దాల దుకాణానికి తీసుకెళ్ళాలని కోడలు అనుకుంది. ఆమె భోజనాల బల్ల మీదే లాప్‌టాప్ పెట్టుకుని కంప్యూటర్ ఆటలను మన భాషలోకి మారుస్తుంది. ఈసారి వచ్చిన ఆటలో తొమ్మిది రాచవంశాలు, తొమ్మిది కోటలు. ప్రతి కోటలోనూ ముసలి ప్రభువు కన్నుమూస్తాడు, కొడుకు గద్దెనెక్కుతాడు.

ఆ పొద్దున ఆట తయారుచేసిన వాళ్ళ దగ్గర్నుంచి చిన్న ఉత్తరం వచ్చింది. ఏడో కోటకు మాత్రం కొడుకు కాదట, కూతురట. అదెంత పని! 'కొడుకు' ఉన్నచోట 'కూతురు', 'వారసుడు' ఉన్నచోట 'వారసురాలు' అని కొట్టింది. సరిగ్గా అప్పుడే అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, నేను తయార్!" అన్నారు. ఆ కంగారులో 'ఈ పేజీలో మార్చు' అనే మీట బదులు 'అన్నిచోట్లా మార్చు' నొక్కేసి, ఫైలు పంపేసి, సంచీ భుజాన వేసుకుంది.

ఫైలు తప్పులు దిద్దే మేష్టారి దగ్గరకు వెళ్ళింది. ఆయన్ని అందరూ చుక్క మేష్టారంటారు. వాక్యం చివర చుక్క లేకపోతే ఆయనకు అన్నం సహించదు. 'వారసురాలు సింహంలా గర్జించాడు' అన్న వాక్యం చూసి నొచ్చుకుని, 'గర్జించింది' అని దిద్దారు. అలా మూడొందల వాక్యాలు దిద్దారు. "నా గడ్డం మీద ఒట్టు!" అన్నచోట కాసేపు ఆలోచించి, "నా జడ మీద ఒట్టు!" అని మార్చి, తృప్తిగా టీ తాగారు.

అక్కడి నుంచి ఫైలు రికార్డింగు స్టూడియోకి చేరింది. మేనేజరు పాత్రల జాబితా చూసి, అప్పటికే మాట్లాడుకున్న మగ గొంతులన్నిటికీ వద్దని చెప్పి, ఆడ గొంతుల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఎనిమిది మంది దొరికారు. తొమ్మిదో కోటకు ఒకరు తక్కువయ్యారు. ఆ స్టూడియోలోనే ముప్పయ్యేళ్ళు డబ్బింగ్ చెప్పి మానుకున్న అత్తగారు అప్పుడు గుర్తొచ్చారు.

సాయంత్రం అత్తగారు ఫోన్ పెట్టేసి, మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"అమ్మాయ్, నాకు కోటొచ్చిందే."

"ఏ కోట అత్తయ్యా?"

"తొమ్మిదోది. మా నాన్న పోయాడట, ఇక అంతా నాదేనట."

కోడలు ఫైలు తెరిచి చూసుకుంది. పక్కగదిలోకి వెళ్ళి మేష్టారికి ఫోన్ చేసింది.

"మేష్టారూ, తొమ్మిది కోటల్లోనూ ఆడవాళ్ళే ఉన్నారేంటండీ?"

"నేనూ అదే అనుకున్నానమ్మా. కాలం మారిందని సంతోషించాను."

ఉన్న మాట చెప్పేద్దామని వెనక్కి వచ్చేసరికి, అత్తగారు తువ్వాలు శాలువాలా కప్పుకుని అద్దం ముందు నిలబడి ఉన్నారు. "మా నాన్న పోతే ఈ కోటకి దిక్కులేదనుకున్నారా? తలుపులు తెరవండి! నేనున్నాను!"

కోడల్ని చూసి కాస్త సిగ్గుపడ్డారు. "ముప్పయ్యేళ్ళూ మైకు ముందు ఏడవడమేనే. మొగుడు పోతే ఏడుపు, కొడుకు పోతే ఏడుపు, వరదొస్తే గుంపులో నాలుగో ఏడుపు. తలుపులు తెరవండి అని ఒక్కసారన్నా అనలేదు."

"తువ్వాలు బావుంది అత్తయ్యా," అని మాత్రం అంది కోడలు.

మర్నాడు పొద్దున, ఉద్యోగం ఊడితే ఊడిందనుకుని, అత్తగారికంటే ముందే స్టూడియోకి పరుగెత్తి మేనేజరుతో అంతా చెప్పేసింది. ఆయన తల పట్టుకున్నాడు.

"ఆ బొమ్మలు చూశావా తల్లీ? ఒక్కొక్కడికీ బొడ్డు దాకా గడ్డం! ఆ గడ్డం లోంచి ఆడగొంతు రావాలా? వినడానికి ఆట రాసినావిడ వీడియో కాల్లో ఉంది!"

"ఆపేద్దాం సార్. తప్పు నాదని నేనే చెప్తాను."

వాళ్ళు లోపలికి వెళ్ళేసరికే ఆలస్యమైంది. అద్దాల గదిలో ఎర్రదీపం వెలిగింది. ఈలోగా వచ్చేసిన అత్తగారు మైకు ముందున్నారు. "తలుపులు తెరవండి," అన్నారు. అద్దం ముందు అన్నట్టు అరవలేదు. నెమ్మదిగా, ఆ తలుపుల వెనకే పుట్టి పెరిగిన మనిషిలా అన్నారు. సౌండ్ ఇంజనీరు లేచి నిజంగానే తలుపు తీశాడు. నడవాలో కూర్చుని కాగితాలు చదువుకుంటున్న ఎనిమిది మంది ఆడవాళ్ళూ తలెత్తి చూశారు.

కోడలు తెర దగ్గరకు వెళ్ళి గబగబా తప్పు ఒప్పుకుంది. రచయిత్రి అంతా విని, తొమ్మిదో కోట వారసుడి బొమ్మ తెప్పించింది. అందరిలో ఇతనొక్కడికే గడ్డం బదులు మెడ దాకా ఇనప టోపీ; ఆట మొత్తంలో ఎక్కడా ముఖం కనపడదు. దానికి అత్తగారి గొంతు పెట్టి రెండుసార్లు విన్నది.

"ఈ కోట ఆవిడదే. కథ నేను సర్దుకుంటాను. ఏడోది ఎలాగూ కూతురిదే. మిగతా ఏడూ మాత్రం గడ్డాలవాళ్ళకే ఇచ్చేయండి."

మేనేజరు ఊపిరి పీల్చుకుని, మగ గొంతులను బతిమాలుకోవడానికి ఫోన్ అందుకున్నాడు. అత్తగారు అద్దాల గదిలోంచి బయటికి వచ్చారు. భుజాన తువ్వాలు లేదు గానీ నడక మాత్రం కోటలోదే.

"మరి కోటలు పోయిన ఈ ఏడుగురి సంగతేంటి?"

"మరోసారి పిలుస్తామండీ..."

"నా కోటకి సైన్యం అక్కర్లేదా? సైనికులకీ ఇనప టోపీలే ఉన్నాయిగా!"

మేనేజరు తెర వంక చూశాడు. రచయిత్రి నవ్వుతూ తలూపింది. మధ్యాహ్నందాకా ఏడుగురూ గొంతులు చించుకుని, తొమ్మిదో కోట మీదికి వచ్చిన శత్రువులను తరిమికొట్టారు.

తిరిగి వస్తుంటే బస్సులో కోడలు నెమ్మదిగా అంది. "అత్తయ్యా, నిన్ననే చెప్పాల్సింది. అదంతా నా పొరపాటు."

"తెలుసే. నువ్వు మేష్టారితో మాట్లాడిందంతా గోడవతల నాకు వినపడింది."

"మరి నన్ను అడగలేదేం?"

"చెప్పకుండా ఉండటానికి నువ్వు అంత అవస్థ పడుతుంటే, ఎలా అడగనే?" అని కోడలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నారు.

వారం తిరక్కుండానే స్టూడియో నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి డ్రాగన్ గొంతు కావాలట. అత్తగారు ఒక్కటే అడిగారు: ఆ గుహ దానికి సొంతమా, అద్దెదా?