రేడియో నిరపరాధ నిరూపణము

కరీబియ జలధి తన తరంగహస్తములతో నిరంతరము నొడ్డు నిమురుచుండగా, నారికేళ తరుషండములు వర్షాంత మారుతమునకు శిరఃకంపనము సేయుచుండగా, పనామా తీరమున గునా యాలా ద్వీపమాలికలో, ప్రాత పాట యొకటి పాడి ముగించులోపల పడవతో చుట్టి రాదగిన చిరుదీవియందు, ఎలియోదోరో యను నల్లునకును ఇగ్వాదిలి యను నత్తగారికిని రెండు బ్యాటరీల మూలమున ఘటిల్లిన మహాసంగ్రామమును చెప్పెద, చెవియొగ్గుడు.

ఆ దీవులలో పెండ్లియాడిన మగవాడెల్ల ఇల్లరికపుటల్లుడే. చేపలు పట్టి తెచ్చుట, కట్టెలు మోయుట, ఇంటికప్పుపై సౌరఫలకమును తుడుచుట, అత్తగారి యెదుట మితముగా భాషించుట వాని పరమధర్మములు. ఇవియెల్ల నెరపుచు ఎలియోదోరో తనకై ఒక్క సుఖమును మాత్రము మిగుల్చుకొనియుండె. అది బేస్‌బాల్ వ్యాఖ్యానము వినిపించు నరచేతియంత రేడియో.

అట్టిచో విధి వక్రించెను. పూర్వము ఇల్లెల్ల నిద్రించువరకు వెలిగెడి దీపము, ఇప్పుడు పులుసుకుండ పొయ్యి దిగకమునుపే కొడిగట్టసాగెను. ఒకనాటి సంధ్యవేళ, రవికెకై ఎర్రపొర నల్లపొరలు పేర్చి మోలా కుట్టుచున్న ఇగ్వాదిలి, హఠాదంధకారమున సూదిని గుడ్డలో గాక స్వకీయాంగుష్ఠములో దించుకొనెను. నెత్తుటిచుక్కను చప్పరించుచు, ప్రళయకాల మేఘగర్జనకు గురువగు కంఠముతో నామె పలికెను.

"ఆ రేడియోనే తాగేస్తోంది కరెంటంతా. వాడెవడో పొద్దస్తమానం అరుస్తుంటే, వాడికి మేత నా దీపమా?"

"రేడియో ఎంత తాగుతుందత్తా? పిచ్చుకంత."

"గింజలన్నీ తినేది పిచ్చుకలేగా."

"బ్యాటరీలే పాడయ్యాయేమో."

"పాడైతే ఎలా నిండుతాయి? ఇదివరకు మధ్యాహ్నం దాటితేగాని వెలగని పచ్చలైటు, ఇప్పుడు పొద్దున్నే వెలుగుతోంది. నిండినదాన్ని ఖాళీ చేస్తున్నదెవరు మరి?"

ఈ తర్కఖడ్గప్రహారమునకు వీరుడు వెరవక, ఆ ఖడ్గమునే పట్టి త్రిప్పెను. "అందుకే అనుమానం. కడవలో సగం ఇసుక పేరుకుంటే, నాలుగు చెంబులకే నిండుతుంది. నాలుగు చెంబులకే అయిపోతుంది కూడా."

"అంటే మా ఇంటి కడవల్లో ఇసుకుందంటావ్."

అని యామె రేడియోను గుడ్డలో మూటగట్టి, బుట్టలో నుంచి, దూలమునకు వ్రేలాడదీసెను. మరునాటి మధ్యాహ్నమే బేస్‌బాల్ పోటీల తుది సమరము. ఊయలలో పరుండియున్న మామగారు మానిగిన్యా, జామాతృదుఃఖమెరిగిన మహానుభావుడగుటచే, ఒక కన్ను మాత్రము తెరచెను.

"నేనూ ఈ ఇంటికి అల్లుడిగానే వచ్చాను. మాట్లాడకపోవడం అలవాటు చేసుకున్నా. హాయిగా ఉంది."

కాని వీరుని మనస్సు శాంతింపలేదు. "ఓ శ్వశ్రూరత్నమా! రేపు భానుబింబము పశ్చిమ సముద్రమున క్రుంకులోపల, దీపభక్షకుని నీ పాదముల యొద్ద బడవైచి, నిర్దోషియగు రేడియోను బంధవిముక్తము గావింపనిచో నేను ఎలియోదోరోనే కాను" అని శపథము సేయదలచి, లేచి, ఛాతి విరిచి, అత్తగారి కనుబొమలు గాంచి, "రేపొకసారి చూస్తానత్తా" అని మాత్రము పలికెను.

మరునాడు పచ్చలైటు వెలిగినంతనే, యతడు సౌరఫలకపు తీగలను విప్పి, జంటగా బంధితములైయున్న బ్యాటరీల నెడబాపి, ఎడమదానికొక బల్బును కుడిదానికి సరిగా నట్టిదే మరియొక బల్బును తగిలించెను. సమాన భారము, సమాన కాలము, ఎవరు ముందు కూలుదురో వారే దోషులు. మిట్టమధ్యాహ్నమున బల్బులు వెలిగించుకొని వానియెదుట కూర్చున్న యల్లుని జూచి ఇగ్వాదిలి కూతురితో ననెను.

"మీ ఆయనకి ఎండ చాల్లేదటే?"

"చూడనీ అమ్మా," అనెను బ్రిసెయ్దా, అరటికాయ చెక్కు తీయుచు. "ఇవాళ చేపలకి వెళ్లలేదు. ఏదో ఒకటి పట్టుకోనీ."

సూర్యుడు పడమరకు వాలెను. వేటకేగిన పడవలింకను మరలలేదు. అప్పుడు, ఆహా, ఎడమబల్బు పసుపువారి, ఎర్రవారి, మిణుగురై, ఆరిపోయెను. కుడిబల్బు మాత్రము పట్టాభిషిక్తునివలె వెలుగుచునే యుండెను.

వీరుడు క్షతగాత్రమగు బ్యాటరీ మూతలు విప్పెను. ఆమ్లపు చిక్కదనము గొలుచు గాజుగొట్టమును దింపి చూడ, ఆమ్లము నీళ్లవలె పలుచబడుటచే అందలి తేలుడుబుడ్డి తేలక రాయివలె నడుగంటెను. లోని పలకలు సున్నము పూసినట్లు తెల్లబారియుండెను. అంతకంటె విచిత్రముగా, పులిసిన కొబ్బరి వాసన వచ్చెను.

"అత్తా, ఇందులో ఎవరేం పోశారు?"

బ్రిసెయ్దా పులుసుకుండలోనికి తీవ్రముగా చూడసాగెను.

"నేనే," అనెను ఇగ్వాదిలి. "లోపలంతా ఎండిపోయి ఉంది పాపం. అప్పుడప్పుడు ఆ శుద్ధి చేసిన నీళ్లు పోస్తుండాలని అమ్మినవాడు నీకు చెప్పాడు, నేను విన్నా. పోశావా?"

వీరుడు గాజుగొట్టమును తుడువసాగెను.

"పోయలేదు. అది దాహంతో చస్తుంటే నేను చూస్తూ ఊరుకోవాలా? లేత బొండాం కొట్టి కొబ్బరినీళ్లు పట్టాను. జబ్బుపడ్డవాళ్లకి అవేగా ఇస్తాం."

"రెండోదానికీ పట్టావా?"

"దానికెందుకు? అది నీరసంగా లేదు."

మానిగిన్యా పకపక నవ్వగా ఊయల మెలిపడి యాయన నేలపై కూలెను. ఎవ్వరును లేపరైరి. అల్లుడు అత్తను, అత్త అల్లుని చూచుచుండ, బ్రిసెయ్దా గరిట పట్టుకొని నడుమ నిలిచి తీర్పు చెప్పెను.

"ఒకరు పోయలేదు. ఒకరు పోయకూడనిది పోశారు. తప్పు ఇద్దరిదీ. రేడియోది కాదు."

ఇగ్వాదిలి ముక్కాలిపీట వేసుకొని, బుట్టను స్వహస్తములతో దించెను.

"పెట్టుకో. దీపం మాత్రం ఆరకూడదు."

సందెచీకట్లు ముసురువేళకు రుగ్ణ బ్యాటరీ వెలుపలికి నడచెను. ఆరోగ్యవంతమగు దాని కొక్కదానికే దీపమును, రేడియోను తగిలింపగా, ఎలియోదోరో మీట త్రిప్పెను. తుది సమరము అప్పటికే ముగిసెను. ఎవరు గెలిచిరో చెప్పుటయు ముగిసెను. బట్టల సబ్బు ప్రకటన వచ్చుచుండెను.

అయిననేమి. నిండుదీపపు కాంతిలో, అత్తగారి సమక్షమున, ధ్వని ఇసుమంతయు తగ్గింపక, ఆ సబ్బు నురుగు మహిమను ఆదినుండి తుదివరకు ఆ ద్వీపవీరుడు తలయెత్తుకొని వినెను. జామాతృలోకమునకు జయమగుగాక.