ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక దొంగ కావాలి

అయ్యలారా, అమ్మలారా! మీ అపార్ట్‌మెంటులో లిఫ్టుందా? జనరేటరుందా? సంతోషం. మరి దొంగ ఉన్నాడా? లేకపోతే వెంటనే ఒకణ్ణి ఏర్పాటు చేసుకోండి!

నవ్వకండి. నేను బడి మొహం పెద్దగా చూడలేదు గానీ పుస్తకం మొహం చూడని రోజు లేదు. ఈమధ్య పాత పుస్తకాల కొట్లో, నేరాల మీద సమాజశాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది. నేరం జనాన్ని దగ్గర చేస్తుందని అందులో ఉంది. ఆ మాట కింద పెన్సిలుతో గీత కూడా గీశాను.

ఎంత నిజం! ఏళ్ల తరబడి మేం మెట్ల మీద ఎదురైతే ఫోన్లలోకి చూసుకుంటూ తప్పుకునేవాళ్లం. మూడో అంతస్తులో చెప్పులు మాయమయ్యాయి, అంతే! పై అంతస్తాయన కింది అంతస్తావిడకి మొదటిసారి నమస్కారం పెట్టాడు. ఆ చెప్పులు మూడో అంతస్తువాళ్ల సొంత కారు డిక్కీలోనే దొరికాయనుకోండి. అప్పటికే కుదిరిన ఐకమత్యాన్ని జత చెప్పుల కోసం చెడగొట్టుకుంటామా?

ఏది నేరమో తేల్చేది చేసిన పని కాదు, చేసిన మనిషి అని ఇంకో అధ్యాయం. సెక్రటరీగారు మెట్లకి అడ్డంగా కారు పెడితే అడ్జస్ట్‌మెంటు. ఆయనగారి పుత్రరత్నం లిఫ్టు అద్దం పగలగొడితే చురుకుదనం. ప్లంబరు నడుం నొప్పెట్టి కింద సోఫాలో కూర్చుంటే? అనుమానాస్పదం!

ఇక ముద్ర సంగతి. పదిమందీ దొంగ అంటే చాలు, ఎవరైనా దొంగైపోతారు. దొంగతనాన్ని తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు. మా దొంగ అలాగే దొరికింది. పన్నెండేళ్లుగా మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషి! గేటు దగ్గర వాచ్‌మన్ సంచీ తెరిపించాడు.

"ఏంటిది?"

"పుస్తకమన్నా."

"కనబడుతోందిలే. నువ్వెప్పుడు నేర్చావ్ చదవడం?"

"నాకెందుకు? మా అమ్మాయికి. కాలేజీలో ఇదే పాఠమంట. అమ్మగారే ఇచ్చారు."

ఆ అమ్మగారు నేనే. ఆ పుస్తకం ఇదే.

సెక్రటరీగారు పుస్తకంతో సహా ఆమె ఫొటో తీసి మా అపార్ట్‌మెంటు ఫోన్ గ్రూపులో పెట్టారు: "దొంగ దొరికింది. జాగ్రత్త." ఆయన ఏం పెట్టినా బొటనవేలి బొమ్మ నొక్కడం నాకలవాటు. నొక్కాక కళ్లజోడు పెట్టుకున్నాను. తీసేద్దామా? ఎందుకు తీశారని అడిగితే? ఒంటరిదాన్ని. లిఫ్టు ఆగిన రోజు మందులు పైకి తెచ్చిచ్చేది ఆయనే. రేపు చెబుదామనుకున్నాను. రేపు ఆదివారం. ఎల్లుండి ఆయనకి తలనొప్పి.

నాలుగో రోజు ఆమె మా ఇంటి తాళంచెవి తెచ్చిచ్చింది. తక్కిన ఫ్లాట్లవాళ్లు పనిలోకి రావద్దన్నారట.

"మీరొక్క మాట చెప్పుంటే సరిపోయేదమ్మా."

"చెబుదామనే అనుకుంటున్నానే..."

"సరేలెండి. వెళ్తున్నా."

పన్నెండేళ్లూ ఆ గుమ్మంలో నిలబడి "వెళ్లొస్తానమ్మా" అనేది. వెనక్కి పిలుద్దామని లేచేసరికి లిఫ్టు తలుపు పడింది. పెద్ద లిఫ్టు కాదు, చెత్తబుట్టలు దించేది.

ఇప్పుడు మా దొంగ పోస్టు ఖాళీ. జనం మళ్లీ ఫోన్లలోకి చూసుకుంటున్నారు. ఇలా అయితే ఐకమత్యం ఏం కావాలి? అందుకే ఆ పోస్టుకి సెక్రటరీగారికి ఈ కాగితం మీదే దరఖాస్తు పెట్టుకుంటున్నాను. అర్హత అడుగుతారేమో. ఆ ఫొటో కింద నలభై ఒక్క బొటనవేళ్లున్నాయి.

మొదటిది నాది.