యోబు అనని మాట

అచ్చుకు ఇచ్చిన ప్రసంగంలో వచ్చే ప్రతి బైబిలు మాట పక్కనా అది ఏ గ్రంథంలో, ఏ అధ్యాయంలో ఉందో వేసి పంపమని లండన్ అచ్చువాళ్ళు కబురు చేశారు. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో ఒక చిన్న ఊరి చర్చి గురువు జోసయా థర్కెల్ ఆ పని పొద్దున్నే ముగించి, జ్వరాలతో మంచం పట్టిన ఇళ్ళకు వెళ్ళి రావాలనుకున్నాడు. రొట్టె, పలచటి బీరు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

రాళ్ళు చెక్కే హోల్ట్ కూతురు అదే జ్వరంతో పోయినప్పుడు చేసిన ప్రసంగం అది. అన్ని మాటలూ దొరికాయి, ఒక్కటి తప్ప. “ఇంత చిన్న దీపానికి అంత గాలి ఎందుకు ప్రభువా?” అని, బిడ్డలందరినీ పోగొట్టుకున్న యోబు బైబిలులో మొరపెట్టుకున్నాడని ఆయన ఆ రోజు చెబితే ఊరంతా ఏడ్చింది. హోల్ట్ ఆ మాటే పిల్ల సమాధిరాతి మీద చెక్కి, కింద యోబు పేరు పెట్టాడు. తీరా చూస్తే యోబు గ్రంథంలో ఆ మాట లేదు. కీర్తనల్లోనూ లేదు.

గాభరాపడి పక్క ఊరి గురువు ఏమస్ పెల్‌ను అడిగాడు. పెల్ తన చదువుకు పరీక్ష పెడుతున్నాడనుకుని, పదహారో అధ్యాయం అని తడుముకోకుండా చెప్పేశాడు. పైగా మాట బాగుందని ఆ వారమే ఒక భూస్వామి ఖననంలో వాడుకున్నాడు.

పదహారులో లేదు. తన ప్రతిలో అచ్చుతప్పేమోనని థర్కెల్ చర్చిలోని పెద్ద బైబిలు తిరగేస్తూ చర్చి పెద్ద క్రౌచ్ కంటపడ్డాడు. సంగతి చెప్పక తప్పలేదు. క్రౌచ్ ఇంటికెళ్ళి యోబును మొదటి నుంచి చివరిదాకా చదివాడు. దేవుడి గ్రంథానికి అబద్ధం అంటగట్టిన ఆ రాయిని పగలగొట్టాలని బిషప్పు కచేరీలో ఫిర్యాదు పడేశాడు.

తీర్పు చెప్పడానికి బిషప్పు తరఫున ఆయన కింది అధికారి ఆర్చిడీకన్ వచ్చాడు. చర్చి కిక్కిరిసింది. ఆ మాట బైబిలులో ఉందని పెల్ బైబిలు మీదే చెయ్యి వేసి ప్రమాణం చేశాడు. థర్కెల్ లేచాడు. కొలువు పోతుందని ఆయనకు తెలుసు.

“లేదండీ. ఎక్కడ విన్నానో నాకే గుర్తు లేదు. తప్పు నాది, ఆ రాయిని మాత్రం ముట్టుకోకండి.”

వెనక వరసలోంచి హోల్ట్ భార్య డార్కస్ మెల్లగా అంది: “నా దగ్గర విన్నారు అయ్యగారూ. పిల్లకు ఊపిరాడనప్పుడు నేనన్న మాటే అది. మీరు దాని పాదాలు రుద్దుతూ కూర్చున్నారు.”

థర్కెల్‌కు గుర్తొచ్చింది. ఎంత రుద్దినా వెచ్చబడని ఆ పాదాలు ముందు గుర్తొచ్చాయి, మాట తరవాత.

ఆర్చిడీకన్ మొహం పాలిపోయింది. భూస్వామి ఖననంలో పెల్ నోట విన్న ఆ మాటను ఆయన పోయిన ఆదివారమే బిషప్పు ఎదుట యోబుదని చెప్పాడు. బిషప్పు కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆర్చిడీకన్ గొంతు సవరించుకుని, ఆ మాట యోబుదేనని, రాయిని కదపరాదని తీర్పు చెప్పాడు.

పరిశుద్ధ గ్రంథంలోని మాటను తనదని చెప్పుకున్నందుకు డార్కస్‌ను, బిడ్డ పోయిన దుఃఖంలో ఉందని దయతలచి, మందలించి వదిలేశారు.