కరెంటు బర్నబాసు బాప్తిస్మం

కరెంటు స్తంభం ఎక్కమనండి, ఎక్కుతాను. గాలివాన వెలిసిన మర్నాడైనా ఎక్కుతాను. మొలలోతు నీళ్ళు చూస్తే మాత్రం నా మోకాళ్ళు నా మాట వినవు. ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదని చాలా ఏళ్ళు ధీమాగా బతికాను.

నేను ఆత్మకూరు సెక్షన్లో లైన్‌మన్ని. కాపురం పెన్న గట్టున ఒక పల్లెలో. మా నాయనది చిలకరింపు సంఘం. నేను చంటిపిల్లవాడిగా ఉన్నప్పుడే అయ్యగారు నా నెత్తిన నాలుగు చుక్కలు చల్లి, బర్నబాసు అని పేరు పెట్టి, పరలోకం లెక్కలో వేసేశారు. ఆ నాలుగు చుక్కలకే గుక్కపట్టి ఏడ్చానట.

మా ఆవిడ రెబెకమ్మది ఉదయగిరి. వాళ్ళది ముంచుడు సంఘం. తెలివి వచ్చి, నమ్మి, నిలువునా మునిగితేనే బాప్తిస్మం. చిలకరింపంటే వాళ్ళ దృష్టిలో ముఖం కడుక్కోవడంతో సమానం. పెళ్ళిచూపుల్లో పెద్దలు "మీరూ క్రైస్తవులే, మేమూ క్రైస్తవులమే" అని సంబరపడ్డారు గానీ, నీళ్ళ కొలత ఎవరూ అడగలేదు.

మా పల్లెలో ఉన్నది ముంచుడు సంఘం ఒక్కటే. నెలకొక ఆదివారం ప్రభు బల్ల. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు మునగనివాళ్ళంతా వెనక చాప మీదికి పోవాలి. మునగనివాళ్ళంటే పాలపళ్ళు ఊడని పిల్లలు, నేను. ఆ పిల్లలు పెద్దవాళ్ళై మునిగి ముందుకు పోయారు. కొత్త పిల్లలు వచ్చారు. ఆ చాపకు నేనే పెద్దదిక్కుగా మిగిలాను.

అలాగని సంఘంలో నాకు గౌరవం తక్కువేం కాదు. ఆదివారం పొద్దున కుంకుడుకాయతో తలంటి పోసుకుని గుడికి వెళ్ళేసరికి నా కళ్ళు ఎర్రబడి ధారగా కారుతుంటాయి. "బర్నబాసు కన్నీళ్ళ ప్రార్థనాపరుడు" అని పాస్టరు నారాయణయ్య గారు ప్రసంగంలోనే చెప్పారు. ఆయన పెద్ద వయసులో మునిగిన మనిషి. పేరు మార్చుకోలేదేమని అడిగితే "మునిగింది నేను, పేరు కాదు" అంటారు. అంతటి మనిషి మెచ్చుకుంటే కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ఒక బల్ల ఆదివారం ఇంటికి రాగానే రెబెకమ్మ బైబిలు అల్మారాలో పెట్టి పీట వాల్చుకుంది.

"ఏమయ్యా, నువ్వు మునిగేదెప్పుడు?"

"నాకు చిన్నప్పుడే అయిపోయింది గదా."

"చంటిబిడ్డ ఏం నమ్మినాడు?"

"నా తరఫున మా నాయన నమ్మినాడు."

"అయితే మీ నాయన పోతాడు పరలోకానికి. నీ సంగతేంది?"

"సిలువ మీద ప్రభువు పక్కనున్న దొంగ మునిగినాడా? నేరుగా పరదైసుకు పోలా?"

"వాడికి టైము లేదు. నీకేం, రిటైరయ్యేదానికి ఇంకా బోలెడుండాది."

"నీళ్ళు ఎక్కువైతే రక్షణ ఎక్కువొస్తాదా?"

"బాప్తిస్మమంటే ప్రభువుతో కూడా పాతిపెట్టబడేది. మనిషి పోతే గుప్పెడు మన్ను చల్లి, అయిపోయిందని ఇంటికొస్తారా?"

దీనికి మా చిలకరింపు సంఘంలో ఎవరూ నాకు జవాబు నేర్పలేదు. డిపార్టుమెంటును అడ్డం పెట్టుకున్నాను.

"నేను కరెంటోణ్ణి. నీళ్ళల్లో దిగకూడదు. రూలు."

"ఆదివారం సెలవే గదా రూలుకు."

ఆఖరికి పాస్టరు గారిని కాఫీకి పిలిచాను.

"అయ్యగారూ, మునగకుంటే రక్షణ లేదా?"

"రక్షణ విశ్వాసంతోనే నాయనా. మునిగేది దానికి సాక్ష్యం."

"విన్నావా? అక్కర్లేదంట!" అని వంటింటి వైపు కేకేశాను.

"అక్కర్లేదన్నారా, వద్దన్నారా? అది గూడా అడుగు" అంది రెబెకమ్మ వంటింట్లోంచి.

"ప్రభువు ఆజ్ఞ గదమ్మా, వద్దని నేనెట్టంటాను?" అన్నారాయన. ఇద్దరికీ చెరి సగం న్యాయం చేసి, కాఫీ మాత్రం మొత్తం తాగి వెళ్ళారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చేపల పులుసు బందు. "మునగనోడికి నీళ్ళల్లో బతికే చేప ఎందుకు?" అని తీర్పు. వంకాయ మీద నాకు కోపం లేదు. కానీ పొద్దున వంకాయ, సాయంత్రం వంకాయ అయితే మనిషి ఎంతకని ఓర్చుకుంటాడు?

పులుసు లేకున్నా బతికేవాణ్ణే. ఒక సాయంత్రం మా ఆవిడ పోట్లాట మానేసి మెల్లగా మాట్లాడింది.

"బల్ల కాడ నా పక్కన చోటు ఎప్పుడూ ఖాళీనే. నువ్వు వెనకాల పిలకాయల్లో కూర్చోనుంటావు. పైకి పోయినాక గూడా ఇంతేనా? నేను ముందర, నువ్వు చాప మీద?"

అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సరే, మునిగేద్దాం అనుకున్నాను. మర్నాడు స్నానానికి కూర్చుని చెంబు నెత్తిమీదికి ఎత్తగానే ఆ నిర్ణయం చెంబులోనే ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే పెన్నలో ఇసక లారీ తోలే వహాబు ఎదురుపడ్డాడు.

"ఏరా వహాబూ, ఏట్లో నీళ్ళెట్టుండాయి?"

"మే నెల్లో పెన్నలో నీళ్ళేందన్నా! ఈ గట్టు నుంచి ఆ గట్టుకు లారీ తోల్తా ఉండా. చక్రం గూడా తడవలా."

ఒంట్లోకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే వచ్చిన ఆదివారం గుళ్ళో, కుంకుడు కన్నీళ్ళు ఆరకముందే లేచి నిలబడ్డాను.

"నేను బాప్తిస్మం తీసుకుంటాను! గుడి వెనక అందరినీ ముంచే సిమెంటు తొట్టిలో కాదు. ప్రభువు తొట్టిలో తీసుకున్నాడా? యొర్దాను నదిలో తీసుకున్నాడు. నేనూ నదిలోనే, పారే నీళ్ళలోనే. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం. నదిలో నీళ్ళు లేవంటే అది దేవుని చిత్తం."

సంఘమంతా స్తోత్రం అంది. నా లెక్క ప్రకారం ఒప్పుకున్న పుణ్యం దక్కుతుంది, మునిగే బాధ తప్పుతుంది, జాలిపడి మా ఆవిడ పులుసు వండుతుంది. రెబెకమ్మ నా దగ్గరికొచ్చి నిలబడింది.

"పారే నీళ్ళే గదా?"

"పారే నీళ్ళే."

"మాట మీదుంటావా?"

"కరెంటు పోయినా నా మాట పోదు" అన్నాను.

ఆ ఆదివారానికి తెల్లబట్టలు కుట్టించింది. ముందురోజే మా అత్త చెంచమ్మ ఉదయగిరి నుంచి చుట్టాలతో దిగింది. పొద్దున లేచి చూస్తే ఇంట్లో ఒక్కరూ లేరు. ముందుగా పోయి ప్రార్థన చేసుకుంటున్నారు కాబోలనుకుని, నేను పాస్టరు గారితో, సంఘంతో కలిసి పాడుకుంటూ బయల్దేరాను. అందరికంటే గట్టిగా పాడింది నేనే.

ఏట్లో దిగితే కనుచూపు మేర ఇసకే. నేను నెత్తిన చేయి పెట్టుకున్నాను.

"అయ్యయ్యో! ఒక్క చుక్క గూడా లేదే! ఇంక మనమేం చేస్తాం, దేవుని చిత్తం!"

"ఇంకొంచెం ముందుకు రావయ్యా" అని ఇసకలోంచి రెబెకమ్మ గొంతు వినిపించింది.

వెళ్ళి చూశాను. ఏటి నడిమధ్యన పెద్ద గుంట. గట్టు మీద మా అత్త చెంచమ్మ, చేతిలో పార. పక్కన వహాబు, వాడి లారీ కూలీలు, మరో నాలుగు పారలు. గుంటలో తేటగా నీళ్ళు.

ఎండాకాలం పెన్నలో ఇసక తోడితే నీళ్ళు ఊరతాయి. దాన్నే చెలమ అంటారు. బిందె మునిగేంత చెలమలు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మా ఇంట్లో తాగేవీ ఆ నీళ్ళే. మనిషి మునిగేంత చెలమ కూడా తవ్వొచ్చని నా బుర్రకు తట్టలేదు. తవ్వేదీ తోడేదీ మోసేదీ రెబెకమ్మే గానీ నేను కాదుగా!

"ఒరే వహాబూ, నువ్వు గూడానా!"

"వదిన పార అడిగిందన్నా. ఎందుకని అడిగేదానికి నాకు ధైర్యం చాల్లా."

"ఇది గుంట! నేనడిగింది నది, పారే నీళ్ళు!" అని పాస్టరు గారి మీద పడ్డాను.

ఆయన ఒక గడ్డిపోచ తుంచి నీళ్ళలో వేశారు. అది కాసేపు ఆలోచించి, మెల్లగా నెల్లూరు వైపు కదిలింది.

"పెన్న యాడికీ పోలా నాయనా. ఇసక కింద పారతా ఉండాది" అన్నారు.

సంఘమంతా స్తోత్రం అంది. నా మోకాళ్ళు అనలేదు. అప్పుడు రెబెకమ్మ దగ్గరికొచ్చి నా చెవిలో చెప్పింది.

"నడుము లోతే. దిగి చూసినా. నీకు నీళ్ళంటే భయమని నాకు తెలుసులే."

"ఎవరు చెప్పినారు?"

"తలకు పోసుకునేటప్పుడు కళ్ళు మూసుకోవు గదా నువ్వు. పెళ్ళైనప్పటి నుంచీ కుంకుడు రసం కళ్ళల్లో పోసుకోని ఏడస్తా ఉండావు. కళ్ళు మూసుకుంటే మునిగిపోతావని భయం. అందుకే తొట్టికి బలవంతం చెయ్యలా, తొట్టి గొంతు లోతు. దా, నేనూ దిగతా."

తెల్లచీర తడుస్తున్నా లెక్క చేయకుండా దిగి నా చేయి పట్టుకుంది. ఇంక నాకు సాకులు లేవు. పాస్టరు గారు నన్ను వెనక్కి వాల్చారు. ఆ చేయి గట్టిగా పట్టుకుని, బుద్ధి తెలిశాక మొదటిసారి నీళ్ళలో కళ్ళు మూసుకున్నాను. లేచేసరికి బతికే ఉన్నాను. ఆ రాత్రి ఇంట్లో కొరమీను పులుసు.

తర్వాత వచ్చింది బల్ల ఆదివారం. పొద్దున రెబెకమ్మే తలంటి పోసింది. "మూసుకో" అంది, మూసుకున్నాను. గుళ్ళో చాప మీది పిల్లలందరికీ వీడ్కోలు చెప్పి ముందుకు పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

పాస్టరు గారు రొట్టె పళ్ళెం పట్టుకుని నా ముందు ఆగి, తెల్లగా, పొడిగా ఉన్న నా కళ్ళలోకి చూసి దిగులుపడ్డారు.

"ఏంది బర్నబాసూ, మునగనప్పుడు అంత ఏడ్చేవాడివి. మునిగినాక ఇట్ట చల్లబడిపోయినావే?"

నేను తల దించుకున్నాను. రెబెకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో రొట్టె ముక్క తీసి నా చేతిలో పెట్టింది.