ఖాళీ ఫోల్డరులో కొండపల్లి కోట

అయినా ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీ అనడానికి ఇంత గుండెధైర్యం ఎందుకు కావాలో ఇష్రత్‌కు అర్థం కాలేదు. ఖాళీ బిందెను ఖాళీ అంటాం. ఖాళీ కుర్చీని ఖాళీ అంటాం, లాక్కుని కూర్చుంటాం కూడా. మరి ఈ తెర మీది పసుపుపచ్చ ఫోల్డర్లలో ఒక్క ఉత్తరం ముక్కైనా లేదని రెండేసిసార్లు తెరిచి చూసుకున్నాక కూడా మౌసు మీద వేలు ఎందుకు ఆగిపోతోంది? స్టాఫ్‌రూములో ఎవరూ లేరు. అయినా ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు మెడ మీద చిన్న దురద.

ఆ ఉదయం ఆమె పెట్టుకున్న పని చాలా చిన్నది. మర్నాడు యూనివర్సిటీ నుంచి ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తోంది. వాళ్ళు ఏమేం చూస్తారో రాస్తూ పంపిన మెయిల్ ప్రింటు తియ్యాలి. అందుకే పటమటలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీకి గేటు తీయకముందే వచ్చింది. తీరా చూస్తే ఆ మెయిల్ ఎక్కడుందో దొరకలేదు. ఫోల్డర్లు తెర నిండి, కిందికి జారి, ఇంకా ఉన్నాయి.

ఆ ఫోల్డర్లకు ఒక చరిత్ర ఉంది. కాలేజీకి కంప్యూటరు వచ్చిన రోజున మానిటరుకు కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కాలేజీ మెయిల్లో, అప్పటి స్టాఫులో ప్రతి ఒక్కరి పేరునా ఒక ఫోల్డరు తెరిచారు. ఎకనామిక్స్ చెప్పే ఇష్రత్ మూడు నెలల కంప్యూటరు కోర్సు చేసిందని తెలిసి ఆమెను ఇన్‌ఛార్జిని చేశారు. ఆమె పేరున మాత్రం ఫోల్డరు తెరవలేదు. "కంప్యూటరంతా మీదేగా అమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ వెంకటకృష్ణారావు గారు. ఆ మాట ఔదార్యమో, ఎగవేతో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు.

పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో నిలబడతాయని రెండో రోజే అందరికీ తెలిసింది. బోటనీ ఎలిజబెత్ గారు తనకంటే పైన ఉండటం చూసి, సీనియారిటీలో ఆవిడకంటే ఎంతో ముందున్న హిస్టరీ పట్టాభిరామయ్య గారు అన్నం సహించక, తన పేరుకు ముందు ఒక 'ఎ' తగిలించమన్నారు. ఎలిజబెత్ గారు రెండు తగిలించమన్నారు. ప్రిన్సిపాల్ గారు ఇద్దరినీ పిలిచి సర్దిచెప్పి, తన పేరుకు మూడు పెట్టించుకున్నారు. ఇష్రత్‌ను అక్కలా 'ఆపా' అని పిలిచే కామర్స్ జాహిద్ ఒక్కడే ఊరుకున్నాడు. "నా పేరు జెడ్‌తో మొదలవుద్దని మా అమ్మకి ముందే తెలిసుండాల్సింది ఆపా" అన్నాడు. ఇంత యుద్ధం చేసి సంపాదించుకున్న స్థలాల్లోకి ఆ తర్వాత ఎవరూ ఒక్క మెయిలూ పెట్టలేదు.

ఇష్రత్ 'తీసేయి' నొక్కింది. 'నిజంగా తీసేయమంటారా?' అని కంప్యూటరు అడిగింది. ఆమెను ఏ సంగతిలోనైనా అంత మర్యాదగా ఇంతవరకు ఎవరూ అడగలేదు. అవునంది. ప్రతి ఫోల్డరుకూ అడిగింది, ప్రతిసారీ అవునంది. చివరికొచ్చేసరికి ఆ అవును రుచి ఆమెకు తెలిసిపోయింది. తెర ఊడ్చిన వాకిలిలా అయింది. కమిటీ మెయిల్ కంటికెదురుగా ఉంది. ప్రింటు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయింది.

పట్టాభిరామయ్య గారికి రోజుకొకసారి వచ్చి తన ఫోల్డరు చూసుకుని వెళ్ళే అలవాటుంది. తెరవరు, ఉందో లేదో చూసుకుంటారంతే. మధ్యాహ్నం క్యారేజీ విప్పే ముందు వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూసి, గోడ పట్టుకున్నారు.

"నా ఫోల్డరేదమ్మా?"

"ఖాళీగా ఉందండీ. తీసేశాను."

"ఖాళీయా? అందులో కొండపల్లి కోట మీద నా పరిశోధన వ్యాసం ఉంది కదమ్మా!"

ఆ వ్యాసం గురించి కాలేజీలో తెలియనివాళ్ళు లేరు. చూసినవాళ్ళూ లేరు. ఏళ్ళ తరబడి అది 'చివరి పేరా'లో ఉంది. రేపు కమిటీకి చూపించమని ప్రిన్సిపాల్ గారు వారం నుంచి ఆయన వెంటపడుతున్నారు.

"నేను తెరిచి చూశానండీ, ఏమీ లేదు."

"నీ కళ్ళకి కనపడలేదేమో. కోటన్నాక రహస్య మార్గాలుంటాయి" అన్నారాయన, కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో దుఃఖానికి బదులు ఏదో వెలుగు వచ్చింది. పరీక్ష వాయిదా పడిందని విన్న పిల్లవాడి మొహంలో వచ్చే వెలుగది. ఇష్రత్ దాన్ని చూసింది. పేరు పెట్టలేకపోయింది.

క్యారేజీలు కడిగేలోపల ఆ వెలుగు స్టాఫ్‌రూమంతా పాకింది. కాలేజీ ఆవరణలోని చెట్లకు శాస్త్రీయ నామాల పట్టిక తయారుచేయాల్సిన ఎలిజబెత్ గారు కుర్చీలో కూలబడి, "అయ్యో ప్రభువా, చెట్లన్నీ అందులోనే పెట్టాను" అన్నారు. కనపడకుండా పోయిన వాలీబాల్ నెట్టు కూడా అందులోనే ఉండేదని ఆటల మాస్టారు అన్నారు. నెట్టు కాదు, నెట్టు వివరాలు అని తర్వాత దిద్దుకున్నారు. ఆ తర్వాత చేరిన ఆయనకు అసలు ఫోల్డరే లేదని ఎవరికీ గుర్తురాలేదు. సాయంత్రానికి క్యాంటీన్ సాంబారులో ఉప్పు తగ్గడం ఒక్కటే ఆమె ఖాతాలో పడకుండా మిగిలింది.

జాహిద్ కారిడార్లో ఆమెను ఆపాడు. "ఏమనుకోవద్దు ఆపా. పాత విద్యార్థుల అడ్రసులు నన్ను రాయమన్నారు. అవి కూడా... అందులోనే ఉన్నాయని చెప్పేశాను."

"ఉన్నాయా జాహిద్?"

"అందరివీ ఉండి నాదొక్కడిదే లేదంటే బాగోదు కదా."

సాయంత్రం ప్రిన్సిపాల్ గారు పిలిచారు. బల్ల మీద ఆమె ఉద్యోగం ఖాయం చేసే ఉత్తర్వు ఉంది. దాని మీద ఆయన సంతకం ఒక్కటే తక్కువ. దాని పక్కనే ఒక తెల్లకాగితం.

"కాలేజీ రికార్డులు పొరపాటున తొలగించాను, క్షమించండి అని ఒక్క ముక్క రాసివ్వండమ్మా. రేపు కమిటీకి చూపిస్తాం. పాపం అని వాళ్ళూ జాలిపడతారు. కాలేజీ ఐదేళ్ళ ప్రణాళిక కూడా నా ఫోల్డర్లోనే పోయింది, నేనేమన్నా అన్నానా?"

"ఖాళీ ఫోల్డర్లు తీశానని రాసిస్తానండీ."

"ఖాళీవని రాస్తే స్టాఫు పరువేం కావాలి?"

"ఖాళీవి కావని రాస్తే నా పరువేం కావాలండీ?"

ఆయన కాసేపు కలం మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "రేపు కమిటీ వెళ్ళేలోగా అయితే రెండు కాయితాలూ అవుతాయి. లేకపోతే రెండూ కావు. మీ ఇష్టం" అన్నారు.

సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆమె ధైర్యం కరగడం మొదలుపెట్టింది. ఇంతమంది ఉందంటుంటే, లేదని చూసిన తన రెండు కళ్ళ సాక్ష్యం ఎంతకాలం నిలబడుతుంది? నిజంగా తెరిచిందా, తెరిచాననుకుందా? కళ్ళు మూసుకుంటే కొండపల్లి కోట బురుజులతో సహా కనిపించింది. చివరి పేరా కూడా చదవగలిగేట్టుంది. లేనిదాన్ని నమ్మించడానికి రుజువు అక్కర్లేదు, గొంతుల సంఖ్య చాలు. ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. బస్సు ఆమె దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఇంట్లో అత్తగారు ఆమినాబీ అంతా విని, అలమర పైన బారు తీరిన ఖాళీ హార్లిక్స్ సీసాల వంక చూసి, "నా సీసాలు తీసినా నేనిట్నే అరుస్తా అమ్మీ" అంది. "కానీ వాటిల్లో నెయ్యి ఉండిందని మాత్రం అననులే."

ఇష్రత్‌కు నవ్వొచ్చింది. ఆ నవ్వు కిందనే పొద్దుట్నుంచి వెతుకుతున్న మొండితనం దొరికింది. రాయదు. ఉద్యోగం పోతే పోనీ, రాయదు.

మర్నాడు కమిటీ వచ్చింది. అధ్యక్షుడు నెరిసిన గడ్డం ప్రొఫెసరు, మంచి మనిషి. వ్యాసమేది అంటే కంప్యూటర్లో పోయిందన్నారు. చెట్ల పట్టికేది అంటే కంప్యూటర్లో పోయిందన్నారు. ఐదేళ్ళ ప్రణాళికా అంతే. ఆయన మొహం చిన్నబోతుందనుకుంటే అంతకంతకూ విప్పారింది.

"ఇంత పోయిందంటే ఎంత ఉండి ఉండాలి! జిల్లాలో ఏ కాలేజీ ఇంతదూరం కంప్యూటరీకరణ చేయలేదండీ. రాసుకోండి" అని పక్కనున్న సభ్యుడితో అన్నారు. "రికార్డుల విషయంలో ఆదర్శం, అని."

ప్రిన్సిపాల్ గారు వినయంగా తల వంచారు. అందరూ వంచారు. ఇష్రత్ వంచలేదు.

"అయినా బెంగపడకండి" అన్నారు ప్రొఫెసరు గారు. "మా ఇంట్లోనూ ఇట్లాగే జరిగింది. తీసేసినవి ఎక్కడికీ పోవుట. అడుగున చెత్తబుట్టలాంటిదొకటి ఉంటుంది, అందులో పడుంటాయి. తెరవండమ్మా, చూద్దాం."

నిన్నటి కోపంలో ఇష్రత్‌కు అది తట్టనే లేదు. వెళ్ళి కుర్చీలో కూర్చుంది. అడుగున 'తీసేసినవి' అన్న చోట నొక్కింది. పేర్లన్నీ, 'ఎ'లతో సహా, మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే కిందికి పరుచుకున్నాయి.

"అదిగో! చెప్పానా!" చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు ప్రొఫెసరు. "ఎవరిది ముందు తెరుద్దాం?"

ఇష్రత్ కుర్చీ తిప్పింది. "పట్టాభిరామయ్య గారూ, మీది తెరవనా?"

"ఆడవాళ్ళది ముందు కానీయమ్మా" అన్నారాయన. "ఎలిజబెత్ గారిది చూడు."

"పెద్దాయన ఉండగా నేనా? సీనియారిటీ ప్రకారం పోదాం" అన్నారు ఎలిజబెత్ గారు. సీనియారిటీ అన్న మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి.

"అక్షరాల వరస ఉండగా ఈ గొడవెందుకు?" అన్నాడు జాహిద్ గోడకు ఆనుకుని. జెడ్‌తో పేరు పెట్టిన తల్లి మీద అతనికి జీవితంలో మొదటిసారి ప్రేమ పొంగింది.

"అదీ న్యాయం" అన్నారు ప్రొఫెసరు కళ్ళు చిట్లించి తెర చదువుతూ. "అయితే మొదట ఇదీ, మూడు 'ఎ'లున్నది. ఎవరిదండీ?"

"భోజనాలు!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. అది అరుపని ఆయనకే తర్వాత తెలిసింది. "భోజనాలు చల్లారిపోతున్నాయండీ. పులిహోర, గుత్తివంకాయ... మా ఉయ్యూరు వంటవాళ్ళు, మళ్ళీ బస్సు టైముకి వెళ్ళిపోతారు. రండి, రండి."

గుత్తివంకాయ ముందు ఏ ప్రొఫెసరైనా ఎంతసేపు నిలుస్తాడు? గది ఖాళీ అయింది. పట్టాభిరామయ్య గారు అందరికంటే ముందు వెళ్ళారు. ప్రిన్సిపాల్ గారు మాత్రం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, జేబులోంచి మడతపెట్టిన ఉత్తర్వు తీసి, మానిటరు నెత్తిన ఆనించి సంతకం పెట్టి ఆమెకు ఇచ్చారు.

"ఆ తెల్లకాగితం సంగతి మర్చిపోండమ్మా. వాళ్ళు భోంచేసి వచ్చేలోపు ఆ బుట్ట కూడా ఖాళీ చేసేయండి. ఇంక దొరకకూడదు."

"చేయనండీ."

"అదేంటమ్మా? నిన్న మీరే కదా తీశారు!"

"నిన్న తీసినందుకే కదండీ తప్పన్నారు. ఈ సంతకం వెనక్కి తీసుకుంటానంటే తీసుకోండి." కాగితం ఆయన వైపు చాచింది. "ఖాళీవని మీరొక్కరు, పైకి, ఒక్కసారి అనండి. వెంటనే తీసేస్తాను."

ఆయన పెదాలు కదిలాయి. భోజనాల వైపు చూశారు, తెర మీది మూడు 'ఎ'ల వైపు చూశారు. "నేను చూడలేదుగా" అని గొణిగి, కాగితం ఆమెకే వదిలేసి వెళ్ళిపోయారు.

ఇష్రత్ మళ్ళీ తెర వైపు తిరిగింది. ఏదైనా కావాలనే కోరిక ఇంత చిన్నదిగా, ఇంత స్పష్టంగా ఉంటుందని ఆమెకు ఎన్నడూ తెలియదు. కొత్త ఫోల్డరొకటి తెరిచింది. పేరేమిటని కంప్యూటరు అడిగింది. 'ఇష్రత్' అని కొట్టింది. ముందు ఒక్క 'ఎ' కూడా పెట్టలేదు. తర్వాత 'తీసేసినవి'లోంచి ఒక్కొక్క పేరునూ మౌసుతో పట్టుకుని, ప్రిన్సిపాల్ మొదలు జాహిద్ దాకా, తీసుకొచ్చి తన పేరు కింద వదిలింది.

లోపల ఇంకా ఫోల్డర్లున్నాయని చెప్పే చిన్న ప్లస్ గుర్తు ఆమె పేరు పక్కన వెలిసింది. లోపల అందరూ ఉన్నారు, ఎప్పట్లాగే ఖాళీగా.