ముద్ర పడని రాక

ఆ రైల్వే జంక్షన్ ఊళ్ళో మనిషి ఇంటికొచ్చినా, రాకపోకల ఆఫీసు కంప్యూటర్ అతని పేరు మీద టైం ముద్ర వేసేదాకా ఎవరికీ కనిపించడు, వినిపించడు, చేతికి తగలడు. పోయేటప్పుడూ ఇంతే. మనిషి వెళ్ళిపోయినా, ముద్ర పడేదాకా రూపం మాత్రం ఇంట్లోనే ఉంటుంది. కుళాయి నీళ్ళ ఆలస్యానికి అలవాటు పడినట్టే జనం దీనికీ అలవాటు పడ్డారు.

గూడ్సుబండి గార్డు ఓబులేసు సెలవు మీద వచ్చాడని అతని భార్య కుళ్ళాయమ్మకు మంచం నులక కుంగడంతో తెలిసింది. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టింది. పళ్ళెం మెల్లగా ఖాళీ అయింది. కారం సరిపోయిందో లేదో అడిగింది గానీ, అతనేమన్నాడో ఆమెకు వినపడలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు తింటుంటే ఆమె చూసింది లేదు.

ఈసారి మనసు ఆగలేదు. "నువ్వు కూచోనుండు, ఇప్పుడే వస్తా" అని మంచానికి చెప్పి ఆఫీసుకు పోయింది. గుమాస్తా మస్తాన్‌వలి మర్యాదగా కుర్చీ వేశాడు.

"మా ఆయన పొద్దున్నే వచ్చినాడు సారూ. ముద్ర ఇంకా పడలా."

"వచ్చే ఉంటాడమ్మా. స్టేషన్ గేటు కాడి నుంచి ఆయన కబురు ప్యాకెట్టై తీగ మీద వచ్చి ఈ పెట్టె వాకిట్లో నిలబడుంటాది. ఇదేమో మామూలు కంప్యూటర్. ఇది కరెంటు బిల్లులు అచ్చెయ్యాల, మా పెద్దసారుకు పాటలు వినిపించాల. తీరిక దొరికి ప్యాకెట్టును లోపలికి తీసుకున్నప్పుడే గడియారం చూస్తాది. మా లెక్కలో ఆయన వచ్చిన టైం అదే."

"మరి నిజంగా వచ్చిన టైం?"

"అది దీనికి తెలీదమ్మా. కబురొచ్చిన క్షణానే తీగ కొసన ముద్రేసే మిషన్లు ఉండాయిలే. అవి పెద్దోళ్ళ వీధుల్లో పెట్టినారు."

కుళ్ళాయమ్మ తల వంచుకుంది.

"దిగులుపడాకమ్మా. వచ్చేటప్పుడు పోయిన పొద్దు పోయేటప్పుడు తిరిగొస్తాది. మొత్తం మీద నీకు నష్టం లేదు. మా ఇంట్లోనూ ఇంతే" అన్నాడతను ఓదార్పుగా. అంతలో పెట్టె గుర్రుమంది. "పడింది! బిరీన పోమ్మా."

ఆమె కొంగు బిగించి పరుగెత్తింది. ఓబులేసు గుమ్మంలోనే ఉన్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. భుజాన సంచీ ఉంది. చూపు వీధి మలుపు మీద ఉంది. ఆమె చెయ్యి పట్టుకోబోతే పిడికిట్లోకి గాలి వచ్చింది. డ్యూటీకి పిలుపొచ్చి, ఆమె వస్తుందేమోనని ఆ మలుపు వైపు చూసి చూసి, అతను అప్పటికే వెళ్ళిపోయాడు. పోయిన ముద్ర ఇంకా పడక రూపం మిగిలింది.

కుళ్ళాయమ్మ మళ్ళీ ఆఫీసుకు పోలేదు. అతని చూపుకు ఎదురుగా వచ్చేలా మెట్టు మీద కూర్చుంది.

"ఇంత నెరిసిపోయినావే! నాకు చెప్పనే లేదు" అని మొదలుపెట్టి, దాచుకున్న మాటలన్నీ చెప్పింది.

పక్కింటి షరీఫా గోడ మీదుగా తొంగిచూసింది. "అన్న వచ్చినాడా వదినా?"

"వచ్చినాడు. ఇదిగో, ఉండాడు."

"అయితే మాట్లాడుకోండి. మా ఆయన కూడా ఉండాడు" అని ఆమె లోపలికి పోయింది.

ఆ సాయంత్రం వీధిలో ప్రతి ఇంట్లోనూ వెళ్ళిపోయినవాళ్ళతో మాటలు సాగాయి. వచ్చి, ముద్ర పడక కనిపించకుండా పక్కన కూర్చున్నవాళ్ళు తమ వంతు కోసం ఓపిగ్గా ఎదురుచూశారు.